బోర్ల కేసులో మా ఊరి వైపు నిలబడ్డ వకీలు గారికి కృతజ్ఞతలు

ఫ్యాక్టరీ వ్యర్థాలతో మా ఊరి బోర్ల నీళ్లు పాడైన కేసులో, పర్యావరణ వివాదాలు విచారించే చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ ఉత్తర్వు చేతికొచ్చింది. వాదించిన అడ్వకేట్ మేడమ్ గారికి ఊరి తరఫున, చెరువు ఆయకట్టు రైతుల తరఫున దండాలు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. చల్లగా ఉండాలని నాలుగు ముక్కలు రాసి ఊరుకోవచ్చు. కానీ ఆవిడ ఏ పని ఎలా చేశారో రాస్తే ఫ్యాక్టరీల కింద ఉన్న మిగతా ఊళ్లకూ పనికొస్తుంది.

ముందుగా తేదీల సంగతి. మేము రాసుకెళ్లిన అర్జీలో మొదటి వాక్యం "పదేళ్లుగా విషం వదులుతున్నారు" అని. మేడమ్ దాన్ని అక్కడే కొట్టేశారు. గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం, 2010లో 14వ సెక్షన్ కింద వెళ్లాలంటే వివాదానికి కారణం మొదట పుట్టిన రోజు నుంచి 6 నెలల్లో వెళ్లాలి. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు, అంతే. పదేళ్లని మనమే రాసిస్తే గడువు దాటిందని అవతలి లాయరు మొదటి వాయిదాలోనే అంటాడు. నష్టపరిహారం, నేల, నీరు బాగుచేయించడం 15వ సెక్షన్ కిందకు వస్తాయి, దానికి 5 ఏళ్లు గడువు. అందుకని ఆవిడ వానాకాలంలో నాలాలోకి వ్యర్థాలు వదిలిన ఆ ఒక్క ఘటనను తేదీతో సహా 14 కింద పెట్టి, పంటలు, పశువులు, బోర్ల నష్టాన్ని 15 కింద విడిగా చూపించారు.

నీళ్ల శాంపిళ్ల దగ్గర మేము చేసిన తప్పులకు లెక్క లేదు. కూల్‌డ్రింక్ సీసాలో పట్టి, బండి డిక్కీలో మధ్యాహ్నం దాకా తిప్పి, ల్యాబుకిచ్చాం. అందులో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) లీటరుకు 2000 మిల్లీగ్రాములు దాటిందని వచ్చింది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 దాకా మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా ఓర్చుకోవచ్చు. దీన్ని పట్టుకుని గెలుస్తామనుకున్నాం. "ఇది రాతి నేల, ఉప్పు భూమిలోదే, పైగా యూరియా వేస్తారు" అని ఫ్యాక్టరీ వాళ్లు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు. నిజానికి టీడీఎస్, క్లోరైడ్, నైట్రేట్ మురుగుతోనూ పెరుగుతాయి, ఎరువుతోనూ పెరుగుతాయి. కానీ ఫ్యాక్టరీల్లో వాడే టొలీన్, డైక్లోరోమీథేన్ లాంటి సాల్వెంట్లు (ద్రావకాలు) రాతిలోంచి ఊరవు, యూరియా బస్తాలోంచీ రావు. వాటికి పరీక్ష చేయించమన్నది మేడమ్, చేసి చూపించింది ఆవిడ వెంట వచ్చిన ల్యాబు కెమిస్టు గారు. ఆయనకూ కృతజ్ఞతలు.

ఆయన నేర్పిన పద్ధతి ఇది. బోరు మోటారు కాసేపు నడిపి నీళ్లు బయటికి పోనిచ్చి, వేడి, పీహెచ్, కండక్టివిటీ మూడూ మీటర్లో కదలకుండా నిలిచాకే పట్టాలి. పైపులో నిలవున్న నీళ్లు పడితే ఆ రిపోర్టు పైపు గురించే చెబుతుంది. సాల్వెంట్లకు 40 మిల్లీలీటర్ల గాజు వయల్స్, మూతకింద ఒక్క బుడగ కూడా ఉండకూడదు, ఉంటే సాల్వెంట్ అందులోకి ఎగిరిపోతుంది. లోహాలకు నైట్రిక్ యాసిడ్, సీఓడీకి (నీళ్లలో సేంద్రియ వ్యర్థం ఎంతుందో చెప్పే పరీక్షకు) సల్ఫ్యూరిక్ యాసిడ్, రెండింటిలోనూ పీహెచ్ 2 కిందకు దిగాలి. నైట్రేట్‌కు మాత్రం విడి సీసా, ఎందుకంటే నైట్రిక్ వేసిన సీసాలో నైట్రేట్ కొలిస్తే మనం పోసిన యాసిడే అంకె అయి కూర్చుంటుంది. అన్నీ ఐసు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర. ఫ్యాక్టరీకి ఎగువన ఒక బోరు తప్పనిసరి. అది లేకపోతే దిగువ అంకెలను దేనితో పోలుస్తారు?

ఇంత చేసినా మన శాంపిల్ కాలుష్య నియంత్రణ బోర్డును కదిలించడానికే అని మేడమ్ పదేపదే చెప్పేవారు. నీటి కాలుష్య చట్టం, 1974లో 21వ సెక్షన్ ప్రకారం అధికారి అక్కడికక్కడే నోటీసు ఇచ్చి, యజమాని ఎదుట శాంపిల్‌ను రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఈ పద్ధతి తప్పితే ఆ రిపోర్టు సాక్ష్యంగా చెల్లదు. అంతకుముందు తీసిన శాంపిల్‌కు ఆ సంతకం లేకనే విలువ లేకుండా పోయింది. యజమాని కావాలని తప్పుకుంటే అధికారి ఒక్కడే సీలు వేసి, ఆ సంగతి రాసి పంపొచ్చు. చట్టంలోనే ఉంది ఆ వెసులుబాటు.

మేము నోరెళ్లబెట్టింది మాత్రం ఉప్పు లెక్క చూసే. ఆర్టీఐ కింద 10 రూపాయల దరఖాస్తు ఫీజుతో ఫ్యాక్టరీ సీఎఫ్‌ఓ (నడపడానికి బోర్డు ఇచ్చే అనుమతి పత్రం), ప్రమాదకర వ్యర్థాల మ్యానిఫెస్టులు (ఏ వ్యర్థం ఎంత బయటికి పంపారో రాసే రవాణా కాగితాలు) తెప్పించారు. ఆ లెక్క ఎలాగో గుండ్రటి అంకెలతో చెబుతాం. రోజుకు 50 కిలోలీటర్ల చిక్కటి వ్యర్థజలం, లీటరుకు 40 గ్రాముల ఉప్పు అనుకుందాం. ఎంఈఈలో (వ్యర్థజలాన్ని ఆవిరి చేసే యంత్రంలో) కాచి ఆరబెడితే రోజుకు 2 టన్నులు, నెలకు 60 టన్నుల ఉప్పు రావాలి. మ్యానిఫెస్టుల్లో ల్యాండ్‌ఫిల్‌కు పంపింది 18 టన్నులే ఉంటే మిగతా 42 టన్నులు ఏమైనట్టు? తడి ఉప్పు ఇంకా ఎక్కువ తూగాలి కానీ తక్కువ తూగదు. లోపలే నిల్వ పెట్టామంటే 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల 90 రోజుల గడువు అడ్డొస్తుంది. కాచామంటే ఆవిరి, కరెంటు లాగ్‌బుక్కులు చూపించాలి. సీఎఫ్‌ఓ, మ్యానిఫెస్టులు, లాగ్‌బుక్కులు, ఈ మూడు కాగితాలనూ కేసులో తనిఖీ చేసే సంయుక్త కమిటీ ముందు పక్కపక్కన పెట్టమని మేడమ్ అడిగారు. అంతే, పెద్దగా వాదించాల్సిన పని పడలేదు. 1999లో హైదరాబాద్ జంట జలాశయాల ఎగువ ఫ్యాక్టరీ గురించి వచ్చిన నాయుడు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా గుర్తుచేశారు: హాని లేదని నిరూపించే భారం పరిశ్రమదే.

డబ్బుల విషయంలో చాలామంది పొరబడుతున్నారు, కాబట్టి ఇదీ చెప్పాలి. పర్యావరణ పరిహారం సూత్రం సీపీసీబీది, అంటే కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డుది. రెడ్ కేటగిరీకి (ఎక్కువ కాలుష్యం చేసే పరిశ్రమలకు) 80, దాన్ని రోజుల సంఖ్యతో, 250 రూపాయలతో, పెద్ద పరిశ్రమైతే 1.5తో, 10 లక్షల లోపు జనాభాకు 1తో గుణించాలి. రోజుకు 30,000 తేలుతుంది. అంటే ఉల్లంఘన రుజువైన ఒక్కో రోజు విలువ 30,000. నాలా రంగు మారిన ప్రతి పూటా ఫోటో తీసి తేదీ, సమయం నోటుబుక్కులో రాయమని మమ్మల్ని సతాయించింది ఇందుకేనని అప్పుడు తెలిసింది. అయితే ఈ సొమ్ము రైతు చేతికి రాదు. రైతు నష్టం 15వ సెక్షన్‌లో విడిగా అడగాలి. పంటలు, పాడి పశువులు, దున్నే ఎడ్లు, చేపలు అన్నీ చట్టం రెండో షెడ్యూల్లో ఉన్నాయి. అడిగిన మొత్తంలో 1 శాతం ఫీజు, కనీసం 1,000. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఫీజు లేదు. పాస్‌బుక్, పహాణీ, పశువైద్యుడి సర్టిఫికెట్ లేనివాళ్ల క్లెయిములు మా ఊళ్లోనూ వెనక్కే పోయాయి, వాటికి మేడమ్ కూడా ఏమీ చేయలేకపోయారు.

శాంపిల్ రోజు తెల్లవారుజామున ఐసు తెచ్చిపెట్టిన పిల్లలకు, మ్యానిఫెస్టులు ఒక్కొక్కటీ కూడి లెక్క తేల్చిన సార్ గారికి, నోటుబుక్కు ఒక్క రోజూ మానకుండా రాసిన అక్కకు వందనాలు. ఆ నోటుబుక్కు, రిపోర్టుల నకళ్లు పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. పక్క ఊళ్లవాళ్లు వచ్చి జిరాక్సు తీసుకోవచ్చు. ఒరిజినల్ ఫోటోలు మాత్రం తీసిన ఫోన్లలోనే ఉంచాం, వాట్సాప్‌లో పంపితే తేదీ వివరాలు పోతాయని మేడమ్ ముందే హెచ్చరించారు.