నీలి పింగాణీ బొమ్మలకు అర్థాలున్నాయి

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో ప్రచురించిన జపాన్ నీలి-తెలుపు పింగాణీ చిత్రాలు కనువిందు చేశాయి. అయితే వాటి కింద ‘పూల డిజైన్లు’ అని మాత్రమే రాయడం ఆ పనివారికి న్యాయం కాదని, శ్రీకాళహస్తిలో కలంకారీ గీత నేర్పుతున్న నాకు తోచింది.

క్యుషూ దీవిలోని అరిటాలో 17వ శతాబ్దం తొలినాళ్లలో, కొరియా కుమ్మరుల నేర్పుతో ఈ పని మొదలైంది. గాజుపూత కింద ఉండి సుమారు 1300 డిగ్రీల వేడిని తట్టుకోగల రంగులు బహు కొద్ది. కోబాల్టు నీలానికి అంత ప్రాధాన్యం అందుకే వచ్చింది.

పైన్ చెట్టు, వెదురు, ప్లమ్ పూలకొమ్మ కలిసి కనిపిస్తే అది తోట బొమ్మ కాదు. చలిలోనూ పచ్చదనం వీడని చెట్టు, మంచు బరువుకు వంగినా విరగని వెదురు, శీతకాలం ముగియకముందే పూసే కొమ్మ. చైనా నుంచి వచ్చిన ఈ మూడింటి కూర్పును జపాన్‌లో శుభకార్యాలకూ కొత్త సంవత్సరానికీ వాడతారు. కొంగకు వెయ్యేళ్లు, తాబేలుకు పదివేల ఏళ్లు ఆయుష్షని వారి నమ్మకం. మీ చిత్రాల్లో ఒక తాబేలుకు కుచ్చులాంటి పొడవాటి తోక ఉంది. అది చిత్రకారుని పొరపాటు కాదు. ఏళ్ల తరబడి బతికిన తాబేలు డిప్పపై పెరిగిన నాచునే అలా చూపుతారు. జలపాతాన్ని ఎదురీది డ్రాగన్‌గా మారే కార్ప్ చేప, పట్టుదలతో పైకి రావాలన్న ఆకాంక్షకు గుర్తు.

అల్లుకుపోయే తీగ తెగని వంశవృద్ధిని సూచిస్తుందంటారు, కానీ ప్రతి తీగనూ అలా చదవడం సరికాదని నా అభిప్రాయం. ఖాళీని నింపడానికి అలవాటుగా గీసినవీ చాలానే ఉన్నాయి. డచ్చి ఈస్టిండియా కంపెనీ కోసం చేసిన పళ్లెం నడుమ ఉండే అక్షరముద్ర కోరిక కాదు, సొంతదారు గుర్తు. ఆ కంపెనీయే మన జిల్లాను ఆనుకున్న పులికాట్‌లో కోట కట్టుకొని, కోరమాండల్ తీరపు అద్దకం బట్టలను జపాన్‌కు చేర్చింది. కనుక ఈ కథ మన పాఠకులకు దూరపుది కాదు.

ఇకపై ఇటువంటి చిత్రాలు వేసినప్పుడు, ప్రతి బొమ్మ కింద అదేమిటో, ఏ సందర్భానికి వాడేవారో రెండు వాక్యాలు చేర్చవలసిందిగా మనవి.

ఇట్లు,
కలంకారీ ఉపాధ్యాయురాలు,
శ్రీకాళహస్తి, తిరుపతి జిల్లా