గ్రీన్‌లాండ్ ముందున్న దారులు రెండే కావు

సంపాదకులకు నమస్కారం.

గ్రీన్‌లాండ్‌ను అమెరికా దక్కించుకుంటుందా, డెన్మార్క్ నిలబెట్టుకుంటుందా అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే మన పత్రికల కథనాలన్నీ తిరుగుతున్నాయి. ఇద్దరు ఆసాములు పొలానికి బేరమాడుతున్నట్లు సాగే ఆ కథనాల్లో, అక్కడ కాపురముంటున్న సుమారు 57 వేల మంది మాట చివరి పేరాలో తప్ప వినిపించదు. 2025 జనవరిలో జరిగిన ఒక సర్వేలో వారిలో 85 శాతం మంది అమెరికాలో కలవడానికి ఇష్టపడలేదు. అలాగని డెన్మార్క్ కింద ఎప్పటికీ ఉండిపోవాలన్నదీ వారి కోరిక కాదు.

భారతదేశ విస్తీర్ణంలో మూడింట రెండు వంతులున్న ఆ నేల మీద మా భీమవరం జనాభాలో సగం మంది కూడా లేరు. ఒక పట్టణం నుంచి మరో పట్టణానికి రోడ్డు లేదు, పడవో విమానమో ఎక్కాల్సిందే. అయినా 1979లో హోం రూల్ (పరిమిత స్వయంపాలన), 2008 నాటి ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత 2009లో స్వపరిపాలన చట్టం సాధించుకున్నారు. ఆ చట్టం ప్రకారం స్వాతంత్ర్యం కావాలో వద్దో తేల్చాల్సింది గ్రీన్‌లాండ్ ప్రజలే. ఆపైన డెన్మార్క్‌తో ఒప్పందం, దాని మీద ప్రజాభిప్రాయ సేకరణ, డెన్మార్క్ పార్లమెంటు సమ్మతి కావాలి.

హక్కు ఉండీ వారు ఆగింది ప్రధానంగా డబ్బు దగ్గరే. ప్రభుత్వ ఖర్చులో దాదాపు సగం డెన్మార్క్ ఏటా పంపే సుమారు 400 కోట్ల క్రోనర్ల (డెన్మార్క్ కరెన్సీ) గ్రాంటుతో నడుస్తుంది. ఎగుమతుల్లో 90 శాతానికి పైగా చేపలు, రొయ్యలే. రొయ్య మీద బతకడమంటే ఏమిటో మా వైపు వారికి ఒకరు చెప్పనక్కర్లేదు. వారిది చల్లటి సముద్రంలో వలకు పడే చిన్న రొయ్య, మాది చెరువులో పెంచే వనామీ. ధర మాత్రం ఇద్దరికీ పరాయి దేశం వాడి చేతిలోనే ఉంది. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు, పట్టుబడికి వచ్చిన చెరువును పట్టాలో ఆపాలో తెలియక, రేపటికి వంద కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్య) ధర ఎంతకు దిగుతుందోనని మేత బస్తాలు లెక్కపెట్టుకుంటూ గట్టు మీద కూర్చున్నవారిలో నేనూ ఉన్నాను. ఒక దేశపు ఖజానాయే ఆ గట్టు మీద కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

ఖనిజాలు ఆదుకుంటాయన్న ఆశ బలంగానే ఉంది కానీ, లెక్క అంత సులువు కాదు. ఖనిజాల ఆదాయంలో తొలి 7.5 కోట్ల క్రోనర్లు మినహాయించి, ఆపై వచ్చినదాంట్లో సగం మేరకు డెన్మార్క్ గ్రాంటు తగ్గుతుంది. అంటే గ్రాంటు పూర్తిగా రద్దు కావాలంటే గనుల నుంచే ఏటా 800 కోట్ల క్రోనర్లకు పైగా రావాలి. పైగా నార్సాక్ పట్టణం పక్కన రేర్ ఎర్త్ ఖనిజాలతోపాటు (ఎలక్ట్రానిక్ పరికరాల్లో వాడే అరుదైన లోహాలు) యురేనియం కూడా ఉన్న గనిని 2021లో వారి పార్లమెంటే చట్టం చేసి ఆపింది. చేతికందే సొమ్మును వదులుకున్నారని నవ్వేవారు ఉండవచ్చు. చెరువుల పుణ్యమా అని ఊరి మంచినీళ్లు ఉప్పుబారడం చూసిన నాకు మాత్రం నవ్వు రాలేదు.

మన చర్చలో అసలు చోటు దొరకనిది మధ్యేమార్గం. ఐస్‌లాండ్ 1918లో డెన్మార్క్ రాజునే ఉంచుకుని సార్వభౌమ దేశమైంది, విదేశీ వ్యవహారాలను డెన్మార్క్‌కు అప్పగించింది, 1944లో గణతంత్రమైంది. కుక్ దీవులు 1965 నుంచి న్యూజిలాండ్ పౌరసత్వంతోనే తమ పాలన తాము చేసుకుంటున్నాయి. గ్రీన్‌లాండ్‌కు ఇలాంటి స్వేచ్ఛా సహవాసమే, అంటే తన పాలన తానే చేసుకుంటూ కొన్ని బాధ్యతలు మాత్రం పాత దేశానికి అప్పగించే ఏర్పాటే, నప్పుతుందని నా అభిప్రాయం. అయితే ఐస్‌లాండ్ పోలిక పూర్తిగా కుదరదు. 1951 ఒప్పందం కింద అమెరికా సైనిక స్థావరం ఇప్పటికే గ్రీన్‌లాండ్ గడ్డ మీద ఉంది, 1953లో దాని కోసం అక్కడి మూలవాసులైన ఇన్యూట్ కుటుంబాలను ఇళ్లు ఖాళీ చేయించి ఉత్తరానికి తరలించారు. ఏ ఒప్పందం కుదిరినా రక్షణ సంగతి ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాల్సిందే.

2025 మార్చి ఎన్నికల్లో నిదానంగా స్వాతంత్ర్యం వైపు నడవాలన్న పార్టీ మొదటి స్థానంలో, త్వరపడాలన్న పార్టీ రెండో స్థానంలో నిలిచాయి. ఆ రెండు పక్షాల వాదనలనూ వివరిస్తూ మీ పత్రిక ఒక సమగ్ర వ్యాసం ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఆక్వా రైతు, భీమవరం