వాటాదారు ఓటుకు విలువ ఉండాలి: కార్పొరేట్ వ్యవహారాల మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారమండీ. బెంగళూరు మారతహళ్లి నుంచి రాస్తున్నాను. మీరు రాజ్యసభలో మొదట ఆంధ్రప్రదేశ్ తరఫున ఉన్నారు, తర్వాత కర్ణాటక తరఫున. మాది కూడా అంతే, ఊరు అక్కడ, ఇల్లు ఇక్కడ. అందుకే తెలుగులోనే రాస్తున్నాను.

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఒక వినోద సంస్థ షేర్లు కొన్నాను. మా కింది అంతస్తులో ఉండే ఒంగోలు ఆవిడ దగ్గర కూడా అవే షేర్లు కొన్ని ఉన్నాయి. మొన్నటి వార్షిక సభకు ముందు ఒక డైరెక్టర్ నియామకం మీద ఓటు వేయమని ఇద్దరికీ ఈమెయిల్ వచ్చింది. ఫోన్‌లో ఎంత జరిపినా పేజీలు తరగవు. అంతా ఇంగ్లీషు. బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసిన నాకే అర్థం కావడానికి రెండు రాత్రులు పట్టింది. సభకు ముందురోజు సాయంత్రం ఐదింటికి ఆన్‌లైన్ ఓటింగ్ మూసేస్తారు. ఆవిడ ఫోన్ పట్టుకుని పైకి వచ్చేసరికి ఐదున్నర. "అన్నయ్యగారూ, అవును అని నొక్కాలా, కాదు అని నొక్కాలా?" అని అడిగింది. మర్నాడు సభ జరుగుతుండగా వేద్దామంటే ఓటీపీ కొడుకు నంబరుకు పోయింది. అతను డ్యూటీలో ఉన్నాడు. ఆవిడ ఓటు పడలేదు.

మాలాంటి వాళ్ల సంగతి అలా ఉంచండి. పెద్ద వాటా ఉన్నవాళ్ల మాట మాత్రం చెల్లుతోందా? 2021 సెప్టెంబర్‌లో, టీవీ ఛానెళ్లు నడిపే జీ ఎంటర్‌టైన్‌మెంట్‌లో దాదాపు 18 శాతం వాటా ఉన్న అమెరికా పెట్టుబడి సంస్థ ఇన్వెస్కో ఫండ్లు మేనేజింగ్ డైరెక్టర్ (ఎండీ) పునీత్ గోయెంకాను తప్పించి, యాజమాన్యంతో సంబంధం లేని ఆరుగురు కొత్త స్వతంత్ర డైరెక్టర్లను తీసుకోవడానికి సభ పెట్టమన్నాయి. అప్పటికి ప్రమోటర్ల, అంటే సంస్థను స్థాపించిన గోయెంకా కుటుంబం వాటా 4 శాతం దగ్గర ఉంది. కంపెనీల చట్టం 100వ సెక్షన్ ప్రకారం పదో వంతు వాటా ఉన్నవాళ్లు అడిగితే బోర్డు 21 రోజుల్లో కదలాలి, 45 రోజుల్లోపు సభ జరగాలి. కానీ విషయం బాంబే హైకోర్టుకు పోయింది. అక్టోబర్‌లో సభ వద్దని ఉత్తర్వు వచ్చింది. 2022 మార్చిలో అదే కోర్టులోని ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ వెంటనే ఫండ్లు కూడా తమ కోరిక వెనక్కి తీసుకున్నాయి. ఆరు నెలలు గడిచిపోయాయి, సభ మాత్రం జరగనే లేదు.

గోయెంకా ఉండాలా, వద్దా అన్నది నా ప్రశ్న కాదండీ. మన ఛానెళ్లు బయటివాళ్ల చేతికి పోతాయన్న భయం ఎవరికైనా ఉంటే, సభకు వచ్చి ఓటేసి ఆ తీర్మానాన్ని ఓడించవచ్చు. ఆ అవకాశమే ఎవరికీ దక్కలేదు.

అదే కంపెనీలో రెండోసారి మాత్రం ఓటింగ్ జరిగింది. 2024 నవంబర్ 18న గోయెంకా ఎండీ పదవి వదిలి, కంపెనీని రోజువారీ నడిపే సీఈఓగా మాత్రం ఉన్నారు. 28న వార్షిక సభలో ఆయన్ను మళ్లీ డైరెక్టర్‌గా తీసుకోవాలన్న తీర్మానానికి సగానికి కాస్త ఎక్కువ ఓట్లు వ్యతిరేకంగా పడ్డాయి. అయినా సీఈఓగా ఆయనే కొనసాగారు. ఇందులో ఎవరూ చట్టం మీరలేదు. బోర్డులో లేని సీఈఓకు వాటాదారుల ఆమోదం అక్కర్లేదు. నా బాధ ఆ చట్టం మీదే.

చట్టాన్ని సవరించండి. వాటాదారులు సభ అడిగితే ముందు సభ జరగనివ్వండి. కోర్టులో వివాదం ఉంటే తీర్మానం అమలును ఆపుకోవచ్చు, ఓటును ఆపకూడదు. డైరెక్టర్‌గా వద్దని వాటాదారులు తిప్పిపంపిన మనిషి సీఈఓగా ఉండాలంటే, మూడు నెలల్లో దానికీ ఓటింగ్ పెట్టమనండి. తీర్మానం దేని గురించో, అవును అంటే ఏమవుతుందో, కాదు అంటే ఏమవుతుందో ఒక్క పేజీలో తెలుగులో, కన్నడలో, వాటాదారు కోరుకున్న భాషలో పంపమనండి. మా భాషలో పొద్దుటి నుంచి రాత్రి దాకా సీరియళ్లు నడిపే సంస్థలకు ఇది కష్టమైన పని కాదు.

ఒంగోలు ఆవిడ ఈసారి తన నంబరే షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతాకు ఇచ్చింది. వచ్చే సభ నోటీసు కోసం చూస్తోంది.

ఇట్లు,
ఒక చిన్న వాటాదారు,
మారతహళ్లి, బెంగళూరు