కోయ పిల్లలకు కోయ భాష వచ్చని డిగ్రీలో ఒప్పుకోండి

తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షులు గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్తాను. తెలుగే నాకు అన్నం పెడుతోంది, తెలుగంటే నాకు ప్రాణం. అయినా మా క్లాసులో వేరే దారి లేక కూర్చునే కొందరు పిల్లల కోసం మీకు ఈ లేఖ రాస్తున్నాను.

డిగ్రీలో ఇంగ్లిష్ ఎలాగూ ఉంటుంది. దానితోపాటు ద్వితీయ భాష ఒకటి తీసుకోవాలి. తెలుగు, హిందీ, సంస్కృతం, ఉర్దూ, ఇలా కాలేజీలో ఏవి ఉంటే వాటిలో ఒకటి. ఏటూరునాగారం వైపు కోయగూడెం నుంచి వచ్చిన అబ్బాయికి, మహబూబాబాద్ తండా నుంచి వచ్చిన లంబాడా అమ్మాయికి అందులో తమ ఇంటి భాష కనిపించదు. వాళ్లలో చాలామంది తెలుగును బడిలోనే సరిగా నేర్చుకున్నారు. అంటే వాళ్లకు తెలుగు రెండోది, ఇంగ్లిష్ మూడోది. మొదటిది మన లెక్కలోనే లేదు. మార్కులు బాగా పడతాయని సంస్కృతం తీసుకునేవాళ్లకు దారి ఉంది, పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాషకు లేదు.

పోయినేడు ఒక పాఠంలో 'ఏరు' అన్న మాట వచ్చింది. అర్థం చెప్పి ముందుకు పోబోతుంటే వెనక బెంచీ నుంచి ఒక కోయ అబ్బాయి మెల్లగా, "సార్, మా ఇంట్ల ఏర్ అంటే నీళ్లు" అన్నాడు. "తాగే నీళ్లా?" అని అడిగాను. "తాగేటియైనా, వాగులయైనా ఏరే సార్." ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాడు తల దించుకున్నాడు. నేను పుస్తకం మూసి, రెండు మాటలనూ బోర్డు మీద పక్కపక్కన రాశాను. తెలుగు, కోయ రెండూ ద్రావిడ భాషలేనని చెప్పాను. ఇక ఆ గంటంతా పాఠం వాడిదే. ఊరిని 'నార్' అంటారని వాడు చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. కానీ సెమిస్టర్ పరీక్షలో ఆ తెలివికి ఒక్క మార్కు కూడా లేదు. ఛందస్సు దగ్గర తడబడి తెలుగు పేపరే బ్యాక్‌లాగ్ పెట్టుకున్నాడు.

అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు డిగ్రీకి ఇంగ్లిష్ కాక మరో భాష రావాలంటాయి. ఇంట్లో వేరే భాష మాట్లాడే విద్యార్థి ఆ భాష తనకు వచ్చని చూపిస్తే, కొన్నిచోట్ల పరీక్ష పెట్టి, ఆ నిబంధన తీరినట్టే లెక్కిస్తారు. అక్కడ చదివే మన తెలుగు పిల్లలకు తెలుగే పనికొచ్చే చోట్లు ఉన్నాయి. అలాంటి మర్యాదే ఇక్కడ కోయ, గోండి, కొలామి, లంబాడీ మాట్లాడే పిల్లలకు దక్కాలని అడుగుతున్నాను.

లిపి లేదంటారేమో. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన బహుభాషా విద్యలో ఈ నాలుగింటితో సహా 8 గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు వచ్చాయి, తెలుగు లిపిలోనే. గోండికైతే ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన సొంత లిపి ఉంది, 2018లో కంప్యూటర్లలో, ఫోన్లలో అక్షరాలు రాయడానికి వాడే యూనికోడ్‌లోకి కూడా చేరింది. మాట్లాడేవాళ్లు తక్కువనీ అనలేం. 2011 జనగణన ప్రకారం దేశంలో కోయ మాట్లాడేవాళ్లు 4 లక్షల పైన, లంబాడీ మాట్లాడేవాళ్లు 32 లక్షల పైన ఉన్నారు. ఆ 32 లక్షల మందినీ హిందీ కింద కలిపేశారు, అది వేరే బాధ.

పేపర్లు దిద్దేది ఎవరన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ భాషలు ఇంట్లో మాట్లాడుతూ పీజీలు, బీఈడీలు చేసినవాళ్లు మన జిల్లాల్లోనే ఉన్నారు. వాళ్లను పిలిచి శిక్షణ ఇవ్వండి. తెలుగు శాఖకు పిల్లలు తగ్గుతారని మావాళ్లు కొందరు భయపడుతున్నారు. తగ్గితే తగ్గనివ్వండి సార్. ఇష్టపడి తెలుగు తీసుకున్న పదిమందికి చెప్పినా నాకు తృప్తే.

ఒకేసారి అన్నిచోట్లా వద్దు. ముందు ఏటూరునాగారం, ఉట్నూరు వైపు కాలేజీల్లో ద్వితీయ భాషకు బదులు ఇంటి భాషలో మౌఖిక పరీక్ష, తెలుగు లిపిలో ఒక రాత పరీక్ష పెట్టి, పాసైన వాళ్లకు ఆ క్రెడిట్లు ఇవ్వండి. డిగ్రీ ప్రవేశాలకు వచ్చే దోస్త్ నోటిఫికేషన్‌లోనే ఈ వెసులుబాటు చేర్చాలని కోరుతున్నాను. ప్రశ్నపత్రాల తయారీకి నా వేసవి సెలవులు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక తెలుగు అధ్యాపకుడు,
హనుమకొండ