బీరువాలో బూజు పడుతున్న గోదావరి

సంపాదకులకు నమస్కారం.

డాక్యుమెంటరీలకు మంచి రోజులు వచ్చాయంటూ గత ఆదివారం మీరు వేసిన కథనం చదివాను. 2021, 2022లలో వరుసగా మన దేశపు చిత్రాలకు కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతి రావడం, 2023లో ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ ఆస్కార్ గెలవడం అన్నీ గుర్తుచేశారు. సంతోషం. ఆ మంచి రోజులు రాకముందు తీసిన సినిమాలు ఇప్పుడు ఎక్కడున్నాయో కూడా ఒక వాక్యం రాసి ఉంటే ఇంకా సంతోషించేదాన్ని. నావి మా ఇంట్లో చీరల బీరువా కింది అరలో ఉన్నాయి.

పాతికేళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. పదకొండు డాక్యుమెంటరీలు తీశాను. వాటిలో ఒక్కటి కూడా నాకు అన్నం పెట్టలేదు, పెళ్లి వీడియోలు పెట్టాయి. వధూవరుల మీద గులాబీ రేకులు రాలుతున్నట్లు గ్రాఫిక్సు చేయడంలో నాకున్న నేర్పు రాజమహేంద్రవరంలో పాత స్టూడియోల వాళ్లకు ఇప్పటికీ గుర్తే. ముహూర్తాలు ఉన్నన్నాళ్లూ ఎడిటింగు టేబుల్ వదలడానికి వీలుండేది కాదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి నా షూటింగులన్నీ ఆషాఢంలోనే. అందుకే నా సినిమాల్లో గోదావరి ఎప్పుడూ ఎర్రనీళ్లతోనే కనిపిస్తుంది. ఒకసారి ఢిల్లీలో ప్రదర్శన అయ్యాక ఒక విమర్శకుడు ఆ ఎరుపులోని ప్రతీక గురించి పది నిమిషాలు మాట్లాడాడు. నేను కాదనలేదు.

2004లో పోలవరం పనులకు కదలిక వచ్చినప్పుడు, అప్పుచేసి కొన్న సోనీ పీడీ-170 కెమెరాతో దేవీపట్నం నుంచి లాంచీ ఎక్కాను. మూడు ఆషాఢాలు తిరిగాను. మొత్తం 43 మినీ డీవీ క్యాసెట్లు. ఒక్కోటి అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, గంట నిడివి. చివరికి తయారైన సినిమా 48 నిమిషాలు. “యూట్యూబులో పెట్టేయవచ్చు కదా” అంటారు చాలామంది. ఆ 48 నిమిషాలూ ఎప్పుడో పెట్టాను. అవి నేను ఏరుకున్న మాటలు, నా వాదనకు పనికొచ్చిన ముక్కలు. మిగిలిన 42 గంటల్లో ఊళ్లున్నాయి. వీధులు, పశువుల కొట్టాలు, సంత, బడిగంట, పోడు చేసిన కొండవాలు, ఎవరి ఇల్లు ఎవరి ఇంటి పక్కన ఉండేదో. ప్రధాన డ్యాంకు ముందు అడ్డుగా వేసే తాత్కాలిక గట్టు, కాఫర్ డ్యాం, కట్టాక వరదనీరు వెనక్కి తన్ని ఆ ఊళ్లు ఖాళీ అయ్యాయి. గండి పోచమ్మ గుడి వరద వచ్చినప్పుడల్లా మునుగుతోంది. కెమెరా ఇప్పుడు అక్కడికి తీసుకెళ్తే నీళ్లు కనిపిస్తాయి, అంతే.

పోయిన వేసవిలో పునరావాస కాలనీ నుంచి ఒక కుర్రవాడు ఫోను చేశాడు. “అమ్మా, మా మామ్మ మాట్లాడింది మీ దగ్గర ఉందట. ఒక్కసారి వినిపిస్తారా?” అన్నాడు. ఆ ఊరి పేరు, వాళ్ల పేర్లు ఇక్కడ రాయను. వాళ్ల మామ్మ నా సినిమాలో ఇరవై సెకన్లు ఉంది. పుస్తకంలో రాసుకున్న వివరాలు వెతికితే 17వ నంబరు క్యాసెట్ అని తేలింది. తీసి వెలుతురులో పెడితే టేపు అంచు వెంట తెల్లగా బూజు. నా కెమెరా ఎప్పుడో మూలపడింది. మా వీధి చివరి స్టూడియో ఆయన అటక మీద నుంచి తన పాత కెమెరా దించి, హెడ్డు స్పిరిటుతో తుడిచి, దండం పెట్టుకుని మరీ మీట నొక్కాడు.

మొదట తెర నిండా గళ్లు. తర్వాత చప్పుడు వచ్చింది, రాయి మీద మామిడి టెంక టక్కున పగులుతున్న చప్పుడు. ఆవిడ అరుగు మీద కూర్చుని టెంకలు పగలగొట్టి జీడి తీస్తోంది. తలెత్తకుండానే 1986 వరద గురించి చెబుతోంది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు నమోదైన ఆ వరద వాళ్ల ఊళ్లో ఎంత ఎత్తున వచ్చిందో చెప్పడానికి అడుగుల లెక్క చెప్పలేదు. చేతిలోని రాయితో ఎదురుగా ఉన్న చింతచెట్టును చూపించి, “ఆ రెండో కొమ్మ చంకలో మా కోడిపుంజు కూర్చుంది” అంది. ఎడిటింగులో ఆ మాట నేనే తీసేశాను. పుంజు గురించి చెబుతూ ఆవిడ నవ్వింది, నాకేమో అప్పుడు దుఃఖం కావలసి వచ్చింది. కుర్రవాడు కెమెరా పక్కన తెరిచిన చిన్న తెర మీద నుంచి అదంతా తన ఫోనులో తీసుకున్నాడు. పదకొండు నిమిషాలు నడిచింది. ఆపైన టేపు చుట్టుకుపోయింది.

ఇది నా ఒక్కదాని గోడు అయితే మీ పత్రికలో చోటు అడిగేదాన్ని కాదు. 1990ల నుంచి తెలుగునాట డాక్యుమెంటరీ తీసినవాళ్లలో చాలామంది పని బీటాక్యామ్, మినీ డీవీ టేపుల మీదే జరిగింది. బీటాక్యామ్ క్యాసెట్ల అమ్మకాన్ని సోనీ 2016లో ఆపేసింది. అయస్కాంత టేపుల్లో ఉన్నదాన్ని 2025 లోగా డిజిటల్‌లోకి మార్చుకోకపోతే చాలా భాగం శాశ్వతంగా పోతుందని 2019లో యునెస్కో కార్యక్రమం ఒకటి హెచ్చరించింది. టేపు పాడవడం ఒకటే కాదు, ఆడించే యంత్రాలూ వాటిని బాగుచేసే మనుషులూ కరువవుతారని. పని కూడా నిదానమైనది. గంట టేపు ఎక్కించడానికి గంట పడుతుంది, దగ్గరి దారి లేదు. ఒక ప్రైవేటు ల్యాబు నా 43 క్యాసెట్లకు చెప్పిన ధర నా మూడు నెలల సంపాదన. అది కూడా బూజు లేకపోతేనట.

ఇలాంటివి భద్రపరుస్తారని విని ఒక కార్యాలయానికి వెళ్లాను. అక్కడివారు మర్యాదగానే మాట్లాడారు, టీ ఇచ్చారు, ఆ తర్వాత సెన్సారు సర్టిఫికెట్ అడిగారు. థియేటర్లో ఆడని సినిమాకు అదెక్కడిది? 2004లో ముంబయి అంతర్జాతీయ చిత్రోత్సవం విదేశీ చిత్రాలకు అక్కరలేని సెన్సారు సర్టిఫికెట్‌ను మన చిత్రాలకు మాత్రం తప్పనిసరి చేయబోతే దేశమంతటి దర్శకులు ఎదురుతిరిగారు, ‘వికల్ప్’ పేరుతో అదే ముంబయిలో తమ ప్రదర్శనలు తామే పెట్టుకున్నారు. ఇన్నేళ్ల తర్వాత అదే కాగితం నా బూజు పట్టిన పెట్టెకూ అడ్డొచ్చింది.

శ్రద్ధ ఉంటే ఏం చేయవచ్చో చూడడానికి ఒక ఉదాహరణ ఉంది, కాకపోతే అది బెర్లిన్‌లో ఉంది. దీపా ధన్‌రాజ్, మిత్రులు ‘యుగాంతర్’ బృందంగా 1983లో హైదరాబాదులోని మహిళా బృందం స్త్రీ శక్తి సంఘటనతో కలిసి ‘ఇది కథ మాత్రమేనా’ తీశారు. ఇంట్లో ఆడవాళ్ల మీద జరిగే హింస గురించి తెలుగులో మాట్లాడిన చిత్రం. ఆ బృందం సినిమాలను బాగుచేసి డిజిటల్‌లోకి మార్చింది బెర్లిన్‌లోని ఆర్సెనాల్ అనే సినిమా సంస్థ. జర్మన్లకు తెలుగు ఆడవాళ్ల మాటలు విలువైనవిగా తోచినందుకు కృతజ్ఞతలు. మనకు ఎందుకు తోచలేదన్నది నా బాధ. అదే దర్శకురాలు 2007లో పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ గారి మీద ‘ది అడ్వొకేట్’ తీశారు. 2010 చివర్లో ఆయన కన్నుమూశారు. ఆయన న్యాయస్థానాల్లో వాదించిన కేసుల కాగితాలు ఏదో ఒక రికార్డు గదిలో ఉంటాయి. ఆ గొంతు మాత్రం సినిమా తీసినవాళ్ల దగ్గరే దొరుకుతుంది.

నేను అడిగేది పెద్ద భవనం కాదు. హైదరాబాదులో తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారంలో నిజాం కాలపు కాగితాలను చెదలు పట్టకుండా కాపాడుతున్నారు. ఆ తరహాలోనే రెండు రాష్ట్రాల్లోనూ ఏదో ఒక విశ్వవిద్యాలయంలో ఒక చల్లని గది, పనిచేసే ప్లేయర్లు రెండు, బూజు తుడవడం తెలిసిన ఒక మనిషి, హార్డ్ డిస్కులు ఉంటే చాలు. గంట డీవీ టేపు పదమూడు గిగాబైట్ల చిల్లర, నా గోదావరి మొత్తం అరచేతిలో పట్టే డిస్కులో ఇమిడిపోతుంది. సర్టిఫికెట్ అడగకుండా, తెచ్చినవాళ్ల దగ్గర తీసుకుని, టేపులో ఉన్న ఊరివాళ్లు వస్తే చూపించాలి. పురస్కారాలకు ఖర్చుపెట్టే డబ్బులో కొంత ఇటు మళ్లించినా సరే. నాకు ఒకసారి వచ్చిన జ్ఞాపికను ఆ క్యాసెట్ల పెట్టె మీద బరువుగా పెట్టాను, అంతకు మించి దానితో పనిపడలేదు.

ఆ కుర్రవాడు మొన్న మళ్లీ ఫోను చేశాడు. పదకొండో నిమిషంలో వాళ్ల మామ్మ ఏదో పాట ఎత్తుకోబోయి ఆగిందట, నేను గమనించలేదు. మిగిలింది 18వ నంబరు క్యాసెట్‌లో ఉందేమోనని అడుగుతున్నాడు. ఉండే ఉంటుంది. స్టూడియో ఆయన కెమెరా పూర్తిగా మొరాయించింది, ఇంకో టేపు అందులో పెట్టే ధైర్యం నాకు లేదు. మీ పాఠకుల్లో ఎవరి దగ్గరైనా నడిచే మినీ డీవీ ప్లేయరు ఉంటే మీ కార్యాలయానికి కబురు చేయమనండి. నేనే వచ్చి తీసుకెళ్లి, పని అయ్యాక తుడిచి తిరిగి ఇస్తాను.

ఇట్లు,
ఒక డాక్యుమెంటరీ దర్శకురాలు,
రాజమహేంద్రవరం