ఊ కొట్టేవాళ్ళు ఉంటేనే కథ

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి కోపమొచ్చింది. ఫోన్ చేద్దామనుకున్నాగానీ ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, అందుకే ఉత్తరం. టీ పెట్టుకుని కూర్చుని చదువు, పొడుగ్గానే ఉంటుంది.

ఆగస్టు 22న మీ అపార్ట్‌మెంట్‌లో జానపద దినోత్సవం చేస్తున్నారు, మంచిదే. స్టేజి, లైట్లు, డీజే, పిల్లలకి గళ్ళ లుంగీలు, తలపాగాలు, అయిదు నిమిషాలకో ఐటెం, చివర్లో బహుమతులు. మధ్యలో "ఒగ్గు కథ వాళ్ళని పిలిపించి ఒక పదిహేను నిమిషాలు ఇద్దాం" అన్నావు చూడు, కోపమొచ్చింది అక్కడే. దాని సంగతి తర్వాత చెప్తా.

ముందు ఆ తేదీ ఎందుకో తెలుసా నీకు? 1846లో అదే రోజున లండన్‌లో వచ్చే ఎథీనియం అనే పత్రికలో విలియం థామ్స్ అనే ఆయన ఉత్తరం అచ్చయింది. పాత అలవాట్లు, నమ్మకాలు, పల్లె పాటలు, సామెతలు అన్నిటికీ కలిపి ఫోక్‌లోర్ అని ఒక మాట పెట్టుకుందాం, మాయమైపోకముందే ఎవరికి తెలిసినవి వాళ్ళు రాసి పంపండి అని అందులో అడిగాడు. తమాషా ఏంటంటే సొంత పేరుతో కాదు, ఆంబ్రోస్ మెర్టన్ అని మారుపేరుతో రాశాడు. ఇంకో నూటపదేళ్ళకి, 1956లో, మన బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో తెలుగు జానపద గేయాల మీద డాక్టరేట్ తీసుకున్నారు. పల్లెటూళ్ళ పాటల మీద పరిశోధనేంటి అనుకునే రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఆయనా, ఆయనలాంటివాళ్ళూ ఊళ్ళు తిరిగి రాసుకోబట్టే చాలా పాటలు ఇవాళ కనీసం కాగితం మీదైనా ఉన్నాయి.

నేను కూడా ఒకసారి రామరాజు గారిలా ఫీలైపోయి ఒక ఘనకార్యం చేశాలే, నీకు ఎప్పుడూ చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు.

మా నాయనమ్మ బాలనాగమ్మ కథ చెప్పేదని నీకు గుర్తుందా? ఎండాకాలం సెలవుల్లో డాబా మీద మనిద్దరం ఒకే దుప్పట్లో దూరి విన్నాం. రెండు రాత్రులు పట్టేది. మాయల ఫకీరు భిక్షకి వచ్చినప్పుడు గొంతు మార్చేది. పూలు కట్టే తంబళ్ళ పెద్ది దగ్గరికొస్తే కథ కాసేపు ఆపి ఏ పువ్వు పక్కన ఏ పువ్వు పెట్టి కట్టేదో కూడా చెప్పేది. ఏడు సముద్రాల అవతల చిలక రెక్క విరిస్తే ఇక్కడ ఫకీరు చెయ్యి పడిపోయేచోట నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడివి (కాదనకు).

సరే, ఆమెకి ఎనభై దాటాక నాకు టెన్షన్ మొదలైంది, ఆ కథ ఆమెతోపాటే పోతుందేమోనని. కొత్త మైకు కొన్నా. రికార్డింగ్ సంగతులు తెలిసినవాణ్ని సలహా అడిగితే, ఫ్యాన్ ఆపెయ్యి, కిటికీలు మూసెయ్యి, ఆమె మాట్లాడుతున్నంతసేపూ నువ్వు కిక్కురుమనకు, సౌండ్ శుభ్రంగా వస్తుంది అన్నాడు. అలాగే చేశా. చీర కొంగుకి మైకు తగిలించి, కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పు నాయనమ్మా అన్నా. నోటి మీద వేలు పెట్టుకుని ఎదురుగా కూర్చున్నా.

నాలుగు నిమిషాల్లో అయిపోయింది రా కథ! ఫకీరొచ్చాడు, కుక్కపిల్లని చేసి ఎత్తుకుపోయాడు, కొడుకు పెద్దవాడై పోయి చిలకని చంపి తల్లిని తెచ్చుకున్నాడు, అంతే నాయనా. ఆ నాలుగు నిమిషాల్లోనే మూడుసార్లు "వింటున్నావా?" అని అడిగింది. నేను తల ఊపుతున్నా. ఆమెకి కళ్ళు సరిగ్గా ఆనవని నాకు ఆ క్షణంలో తట్టనే లేదు. మర్చిపోయిందేమో, వయసైపోయింది కదా అనుకుని మైకు సర్దేశా.

ఆ తర్వాత దసరాకి మా అక్క కొడుకు వచ్చాడు, ఆరేళ్ళ వెధవ, నోరు ఒక్క నిమిషం మూతపడదు. రాత్రి కరెంటు పోయింది. వాడు నాయనమ్మ మంచం ఎక్కి కథ చెప్పమన్నాడు, ఈమె మొదలుపెట్టింది. వాడు ఊ అంటున్నాడు, తర్వాత అంటున్నాడు, మరి కుక్కపిల్ల కరవలేదా అంటున్నాడు. ఈమె "కరవకుండా ఉంటదా, పిక్క పట్టుకుంది" అని అప్పటికప్పుడు ఒక ముక్క కల్పించేసింది. ఫకీరు గొంతు వచ్చింది, తంబళ్ళ పెద్ది పూలు వచ్చాయి, నేను ఎప్పుడూ వినని ఒక పాట కూడా వచ్చింది. నేను చీకట్లో ఫోన్ వెతుక్కునేసరికి సగం అయిపోయింది, అయినా ఇంకా యాభై నిమిషాలు రికార్డయింది. వాడి ఊ ఆగిపోయింది, నిద్రపోయాడన్నమాట. ఈమె కూడా మాట మధ్యలోనే ఆపేసింది. రేపు చెప్తాలే అనలేదు, ఏమీ అనలేదు. ఊ లేదు, కథ లేదు, అంతే.

అప్పుడర్థమైంది నాకు, మైకు పెట్టిన రోజు ఆమె మర్చిపోలేదు, నేనే నా వంతు ఎగ్గొట్టా.

ఇదంతా నీకెందుకు చెప్తున్నానంటే, మన జానపదంలో దాదాపు ప్రతిదాంట్లో ఈ రెండో మనిషి ఉన్నాడు చూడు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు, ఒకడు హాస్యం, ఒకడు లోకం సంగతులు, తందాన అనేవాళ్ళు లేకపోతే కథకుడు ఊపిరి కూడా పీల్చుకోలేడు. ఒగ్గు కథలోనూ అంతే, పక్కవాళ్ళు డోలూ తాళాలూ వాయించడమే కాదు, అడ్డుపడతారు, ప్రశ్నలడుగుతారు, మధ్యలో తామే పాత్రలైపోతారు. దంపుడు పాటల్లో రెండు రోకళ్ళు, ఒకామె పోటు వేస్తుంటే ఇంకొకామె రోకలి ఎత్తుతుంది, సువ్వి సువ్వి అన్నది ఆ రెండిటికీ తాళం. ఒక్కర్తినే కుర్చీలో కూర్చోబెట్టి దంపుడు పాట పాడమంటే ఆమెకి రెండో చరణం గుర్తురాకపోవడంలో వింతేముంది? చేతికి రోకలి ఇచ్చి చూడు.

బతుకమ్మ అయితే మరీను. పాట వచ్చినామె ఒక ముక్క అంటుంది, ఉయ్యాలో అని అందరూ దాన్ని అందుకుంటారు. పాట రానివాళ్ళు కూడా అందుకోవచ్చు, అదీ అందులో కిటుకు. కొత్త కోడలు మొదటి ఏడు ఉయ్యాలో మాత్రమే అంటుంది, మూడో ఏటికి చరణాలు నోటికొస్తాయి, పదో ఏటికి ఆమే ముందుండి చెప్తుంది. ఎవరూ క్లాసు పెట్టలేదు, ఎవరూ పుస్తకం ఇవ్వలేదు. 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక బతుకమ్మ ఇంకా పెద్దదైంది, సంతోషమే, నేను కాదనను. కానీ స్పీకర్ పెట్టాక ఏం జరిగిందో చూశావా? పాట ఆగదు, ఎవరూ అందుకోనక్కర్లేదు, అడుగు వేస్తే చాలు. అందరూ ఆడుతున్నారు, ఎవరికీ పాట రావడంలేదు. నేను డీజే మీద పగబట్టానని అనుకోకు, పెళ్ళి ఊరేగింపులో నువ్వూ నేనూ వేసిన గంతులు నాకూ గుర్తున్నాయి. కానీ మా వీధిలో అరవై మంది ఆడవాళ్ళు ఉన్నచోట ఆ స్పీకర్ పాడైన సాయంత్రం ఇద్దరు ముసలమ్మలు తప్ప నోరు తెరిచినవాళ్ళు లేరు రా.

ఇప్పుడు నీ పదిహేను నిమిషాల దగ్గరికొస్తా. మల్లన్న కథో బీరప్ప కథో ఎల్లమ్మ కథో అంటే రాత్రంతా నడిచేది. పట్నం అని నేల మీద రంగుల ముగ్గు వేసి, పూజ చేసి, అప్పుడు కథలోకి దిగుతారు. నువ్వు పదిహేను నిమిషాలిస్తే వాళ్ళు పాపం డోళ్ళు మోగించి, ఒకరి మీద ఒకరు నిలబడి విన్యాసం చేసి దిగిపోతారు. జనం చప్పట్లు కొడతారు. కథ మాత్రం సంచిలోంచి బయటికే రాదు.

పాతరోజుల్లో వినేవాళ్ళని కట్టిపడేసిన ఏర్పాటు ఒకటుండేది, తెలంగాణలో ఇంకా అక్కడక్కడా ఉంది. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథ చెప్పడానికే ఒక ఆశ్రిత కులం. పద్మశాలీలకి కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం చెప్పాలి, మాదిగలకి డక్కలివాళ్ళు జాంబ పురాణం, గొల్లలకి మందహెచ్చులవాళ్ళు కాటమరాజు కథ, ముదిరాజులకి కాకిపడగలవాళ్ళు పాండవుల కథ. ఏ ఊళ్ళు ఏ కుటుంబానివో పంచుకుని ఉంటాయి, దాన్ని మిరాశీ అంటారు. ఊళ్ళోకి వస్తే వాళ్ళకివ్వాల్సింది ఇచ్చి తీరాలి, కథ విని తీరాలి, ఎందుకంటే అది నీ పుట్టుక కథ. వీళ్ళలో కొందరు పటం కథలు చెప్తారు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీవాళ్ళు వేసే పటం ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావా? బట్ట మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల పేస్టు, జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు, ఆరాక దాని మీద ఎర్రటి నేల రంగు, ఆ ఎరుపులోంచి బొమ్మలు పైకొచ్చినట్టుంటాయి. మనిషి పొడుగుకి ఎన్నో రెట్లుండే ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ ఆ బొమ్మల వరుసలోనే కథ చెప్తారు. చెప్పేవాళ్ళు తగ్గేసరికి పటాలు వేయించుకునేవాళ్ళు తగ్గారు, ఇప్పుడు ఆ చేతులే గోడకి తగిలించుకునే చిన్న ఫ్రేములూ మాస్కులూ చేస్తున్నాయి. అవి కొనుక్కుని హాల్లో పెట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నా. నా గోడ మీద ఉన్నది ఏ కథలో ముక్కో అమ్మినాయన చెప్పేదాకా నాకు తెలియదు.

పైన చెప్పిన ఏర్పాటంతా బంగారం అని కూడా అనట్లేదు. ఆశ్రిత కులం అంటే అడుక్కోవాల్సిన కులం అని చూసినవాళ్ళున్నారు, డక్కలివాళ్ళని ఎంత దూరం పెట్టారో నీకు తెలుసు. ఎల్లమ్మ కథ ఉండాలి, ఎల్లమ్మ పేరుతో ఆడపిల్లల్ని జోగినులుగా మార్చే ఆచారం మాత్రం పోవాల్సిందే. 1988లో చట్టం చేసి నిషేధించారు, మంచిపనైంది. పాతదంతా కాపాడాలి అని మీ స్టేజి మీద ఎవరైనా మైకు పట్టుకుని ఊగిపోతే ఈ ముక్క అందించు.

గుర్తింపు అసలు రావట్లేదనీ కాదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్య గారికి 2022లో, చిందు యక్షగానం గడ్డం సమ్మయ్య గారికి, బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీలొచ్చాయి. ఆ రోజు మనందరం ఫోటోలు షేర్ చేశాం. నువ్వు ఆ బుర్రవీణ పాట ఒక్కటైనా చివరిదాకా విన్నావా? నేను వినలేదు రా, అబద్ధమెందుకు.

సరే, తిట్టింది చాలు. నన్నడిగావు కాబట్టి చెప్తున్నా, వింటే విను. స్టేజి వద్దు, కింద జంబుఖానాలు పరిపించు. ఒగ్గువాళ్ళని పిలుస్తే రాత్రంతా వాళ్ళకే వదిలెయ్యి, డీజేకి అనుకున్న డబ్బులు కూడా వాళ్ళకే ఇవ్వు, బేరాలాడకు, తిండీ పడుకోవడానికి చోటూ చూడు. పిల్లల పోటీలు తీసెయ్యి. అందుకు బదులు ఒక్కో పిల్లని ఒక్కో ముసలామె దగ్గర కూర్చోబెట్టు, ఊ కొట్టడమే వాళ్ళ పని. మీ నాలుగు బ్లాకుల్లో కలిపి ఎంత లేదన్నా ముప్పై మంది పెద్దవాళ్ళుంటారు, ఒక్కొక్కళ్ళూ ఒక్కో ఊరినుంచి కొడుకుల దగ్గరికొచ్చి టీవీ ముందు కూర్చున్నవాళ్ళే.

రికార్డ్ చెయ్యి, తప్పకుండా చెయ్యి, కానీ పిల్లల గోల, ఊ, నవ్వులు అన్నీ పడనీ. ఎవరు పాడారు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పనప్పుడు పాడేవాళ్ళు అని పాట అవ్వగానే అడిగి అందులోనే చెప్పించు. నేను ఇది అడక్క పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి. ఆమె మాట తప్పనిపించినా దిద్దకు, "మా ఊళ్ళో ఇలా పాడతాం" అని పక్కామె అడ్డుపడితే గొడవ ఆపకు, రెండూ పట్టుకో. చావు ఇంట్లో ఏడ్చే పాటలు మాత్రం అడగొద్దు, ఉత్తపుణ్యానికి అవి పాడకూడదని చాలామందికి పట్టింపు, పైకి చెప్పలేక ఇబ్బంది పడతారు. వాట్సాప్‌లో పెట్టేముందు ఒక మాట అడుగు.

అమ్మని ఈ మధ్య ఏదైనా పాడమని అడిగావా? మీ అమ్మకి సువ్వి పాటలు వచ్చు, మీ చెల్లి పెళ్ళికి పసుపు దంచినప్పుడు నేను విన్నా. మీ పెద్దమ్మ రెండో రోకలి పట్టింది. నేను 21న సాయంత్రం బస్సెక్కుతా, మా అక్క కొడుకుని కూడా తీసుకొస్తున్నా, ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు, నోరు ఇంకా మూతపడలేదు. మా ఇంట్లో రోకలి ఒకటే ఉంది, అది పట్టుకొస్తా. ఇంకోటి ఎక్కడైనా దొరుకుతుందేమో చూసి పెట్టు.

ఉంటా మరి.