యాసిడ్ సీసా మీద గాఢత ఎందుకు రాయరు?

సంపాదకుడు గారికి,

నమస్కారం.

చీమకుర్తి, మద్దిపాడు, ఒంగోలు ప్రాంతాల్లో పెయింట్ల కొట్లలోనూ హార్డ్‌వేర్ కొట్లలోనూ విడిగా అమ్ముతున్న యాసిడ్ గురించి ఈ ఉత్తరం. బాత్‌రూం యాసిడ్ అనండి, గ్రానైట్ యాసిడ్ అనండి, తుప్పు మందు అనండి, పెద్ద క్యాన్‌లోంచి కూల్‌డ్రింక్ సీసాలోకి వంచి ఇస్తారు. సీసా మీద పాత డ్రింకు బొమ్మ తప్ప ఇంకేమీ ఉండదు. లోపల ఉన్నది ఏ ఆమ్లమో, నూటికి ఎన్ని పాళ్ళో, కంట్లో పడితే ఏమవుతుందో ఒక్క అక్షరం కనపడదు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీల్లోనో, కొత్త ఇళ్ళలో నేల కడిగే పనిలోనో ఉన్నారు. వాళ్ళ చేతులు చూస్తున్నాను కాబట్టే రాస్తున్నాను.

ఘాటు ఎంతని అడిగితే కొట్టతను మూత తీసి మెట్టు మీద నాలుగు చుక్కలు పోసి చూపిస్తాడు. సిమెంటు బుస్సుమని నురగ కక్కుతుంది. ‘చూశారా మేడం, ఒరిజినల్’ అంటాడు. ఆ నురగ సిమెంటులో ఉన్న కార్బొనేట్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్. నిమ్మకాయ పిండినా ఎంతో కొంత పొంగుతుంది. మన కన్ను ఏమవుతుందో ఆ నురగ చెప్పదు. కొందరు వాసన చూసి తేలుస్తారు. పొగలొస్తే గట్టిదట, రాకపోతే నీళ్ళు కలిపిందట. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వరకూ ఈ లెక్క కొంత పనికొస్తుందేమో. బ్యాటరీలో పోసే సల్ఫ్యూరిక్ ఆమ్లానికి పొగా ఉండదు, వాసనా ఉండదు. అందులో ఆమ్లం నూటికి ముప్పై పాళ్ళకు పైమాటే. రాతి మీద తుప్పు మరకలు తీసే ఆక్జాలిక్ ఆమ్లమైతే పంచదార లాంటి తెల్లటి పలుకులు. చూస్తే భయమే వేయదు, కంట్లో పడితే మాత్రం తీవ్రమైన హాని చేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా వినపడే మాట ఇంకొకటి ఉంది. ‘మాకు అలవాటే టీచరమ్మా, ఇన్నేళ్ళ నుంచి కడుగుతున్నాం, ఏమైంది?’ అంటారు. ఆ మాట అన్న తల్లి వేళ్ళ సందుల్లో తోలు తెల్లగా ఉబ్బి పొరలు పొరలుగా లేచి ఉంది. కారం తగిలితే మండుతుందని ఆమె అన్నం స్పూనుతో తింటోంది. చర్మం ఆమ్లానికి అలవాటు పడదు. పైపొర పోయిన చోట, ఇదివరకు ఏమీ చేయని పలచటి ఆమ్లం కూడా లోపలికి దిగుతుంది.

ఒక ద్రవం కంటికీ చర్మానికీ హాని చేస్తుందో లేదో తేల్చడానికి అంతర్జాతీయంగా ఒప్పుకున్న పద్ధతి ఉంది. మొదట చూసేది పీహెచ్, అంటే ద్రవం ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే అంకె. 7 కన్నా ఎంత తగ్గితే అంత ఆమ్లం, ఎంత పెరిగితే అంత క్షారం. అది 2 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే, వేరే ఆధారం దొరికేదాకా ఆ ద్రవాన్ని చర్మాన్ని కాల్చేదిగా, కంటిని దెబ్బతీసేదిగానే లెక్క వేయాలని ఐక్యరాజ్యసమితి వర్గీకరణ విధానం చెబుతుంది. క్షారాల వైపు ఆ గీత 11.5. అమెరికాలో డ్రెయిజ్ అనే శాస్త్రవేత్త 1944లో ప్రకటించిన పద్ధతిలో కుందేలు కంట్లో ఆ రసాయనం వేసి చూసేవాళ్ళు. ఇప్పుడు ల్యాబుల్లో పెంచిన మనిషి చర్మపు కణజాలం మీద, కబేళా నుంచి తెచ్చిన పశువుల కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద పరీక్షించే పద్ధతులు వచ్చాయి. కుందేలు పరీక్షకు ఇవాళ ఉన్న అంతర్జాతీయ మార్గదర్శకంలోనే ఒక మాట ఉంది. పీహెచ్ 2 లోపు ఉన్న గట్టి ఆమ్లాన్ని జంతువు కంట్లో వేసి చూడనక్కర్లేదు, ఫలితం ముందే తెలుసు అని. కుందేలు కంటికి కూడా తగలనివ్వనక్కర్లేదని శాస్త్రవేత్తలు తేల్చుకున్న ద్రవాన్ని మన ఆడవాళ్ళు వట్టి చేతులతో పోసి, వట్టి కాళ్ళతో తొక్కుతూ చీపురుతో రుద్దుతున్నారు. నాకు నిద్ర పట్టనివ్వంది ఇదే.

అయితే పీహెచ్ ఒక్కటే చాలదు. నిమ్మరసం పీహెచ్ కూడా 2కు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది, రోజూ తాగుతున్నాం. ద్రవంలో మొత్తం ఎంత ఆమ్లం నిల్వ ఉందన్నది కూడా చూడాలి. దీన్ని కొలవడం పెద్ద విద్యేమీ కాదు. గాఢత తెలిసిన సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారాన్ని బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టంలోంచి చుక్కచుక్కగా వదులుతూ, ఆమ్లం తటస్థమయ్యేదాకా ఎంత పట్టిందో చూడడమే. ఇంటర్ పిల్లలకు అలవాటైన టైట్రేషన్ లాంటిదే. పీహెచ్ కాగితంతో ఇది తేలదు. అయిదు శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచినా, ముప్పై శాతంలో ముంచినా ఆ కాగితం ఒకే ఎరుపు చూపిస్తుంది.

ఇక అది ఏ ఆమ్లం అన్నది. యూరప్ దేశాల జాబితా చూస్తే, హైడ్రోక్లోరిక్ ఆమ్లం 25 శాతం నుంచి చర్మాన్ని కాలుస్తుంది, 10కీ 25కీ మధ్య చర్మాన్నీ కళ్ళనూ మండిస్తుంది. సల్ఫ్యూరిక్‌కు కాల్చే గీత 15 శాతం, నైట్రిక్‌కు 5 శాతమే. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లానికి ఆ గీత 25 శాతం, అందుకే నాలుగైదు శాతం ఉండే వెనిగర్ వంటింట్లో ఉంటోంది. హైడ్రోఫ్లోరిక్‌కు మాత్రం 1 శాతం. ఇంతింత తేడాలు ఉన్నప్పుడు ఏ ఆమ్లమో, ఎంత శాతమో రాయకుండా ఎలా అమ్మనిస్తున్నారు?

మన గ్రానైట్ ఊళ్ళకు ఆ చివరి పేరు ముఖ్యం. చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ సున్నపురాయి కాదు, సిలికేట్ ఖనిజాల రాయి, అంటే ఇసుకలో ఉండే సిలికాతో ఏర్పడినది. సిలికాను కరిగించే ఆమ్లం హైడ్రోఫ్లోరిక్. రాతి మరకలు, తుప్పు తీసే కొన్ని రకాల మందుల్లో అది గానీ అమ్మోనియం బైఫ్లోరైడ్ గానీ కలుపుతారు. పలచగా ఉన్నది ఒంటి మీద పడితే అప్పటికప్పుడు మంట కూడా ఉండకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి, లోపల్నుంచి భరించలేని నొప్పి మొదలవుతుంది. ఈ రెండింటిలోనూ ఉండే ఫ్లోరైడ్ చర్మం దాటి లోపలికి దిగిపోయి ఒంట్లో కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఎక్కువ మేర పడితే గుండె లయ తప్పి ప్రాణమే పోవచ్చు. దీనికి కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాయాలి. మామూలుగా కాలినదానికి కట్టినట్టు కట్టు కట్టి ఇంటికి పంపిస్తే సరిపోదు. ఏది పడిందో డాక్టరుకు తెలియాలంటే ముందు సీసా మీద రాసి ఉండాలి కదా.

మా వీధిలో ఒక అక్క కొత్తింటి మెట్ల మీద సిమెంటు మరకలు కడుగుతుంటే కుడికంట్లో యాసిడ్ చింది పడింది. కొంగుతో తుడుచుకుని, రెండు దోసిళ్ళ నీళ్ళు కొట్టుకుంది. పక్కనున్నవాళ్ళు చలవ చేస్తుందని ఆముదం చుక్కలు వేశారు. ఆ తర్వాత ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న ‘ఏం పడింది, ఎంత గాఢత?’ అక్క భర్త చేతిలో ఆరెంజ్ డ్రింకు సీసా, అడుగున పసుప్పచ్చటి ద్రవం. ఆయన దగ్గర జవాబు లేదు. ఆసుపత్రివాళ్ళు సెలైన్‌తో చాలాసేపు కడిగి, కంటి మూల పీహెచ్ కాగితం ఆనించి చూసి మళ్ళీ కడిగారు. నల్లగుడ్డు మీద తెల్లటి మసక అలాగే ఉండిపోయింది. ఆ కంటితో ఆమె సూదిలో దారం ఎక్కించలేకపోతోంది.

ఆ రోజు పంపు కింద కూర్చోబెట్టి, రెప్పలు వేళ్ళతో విడదీసి పట్టుకుని, కనీసం పదిహేను ఇరవై నిమిషాలు ధారగా నీళ్ళు పోసి ఉంటే నష్టం తగ్గి ఉండేది. ఆమ్లం పడిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది, ఆసుపత్రికి వెళ్ళాక కాదు. తడిసిన బట్టలు వెంటనే తీసేయాలి. ఆమ్లానికి విరుగుడని సున్నమో, సోడా పొడో వేయకూడదు. సున్నం కంటికి ఆమ్లం కన్నా ప్రమాదం, కణజాలాన్ని కరిగించుకుంటూ లోతుకు పోతుంది. నూనె, పాలు, పేస్టు ఏవీ వద్దు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ సీసా కూడా తీసుకెళ్ళాలి. సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లొద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది.

చట్టాలు లేక కాదు. యాసిడ్ దాడి బాధితురాలు లక్ష్మి వేసిన కేసులో 2013 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, యాసిడ్ అమ్మేవాళ్ళు కొన్నవారి పేరు, చిరునామా, ఎంత కొన్నారన్నది రిజిస్టర్‌లో రాయాలి. ఫొటో గుర్తింపు కార్డు చూడాలి, ఎందుకు కొంటున్నారో అడగాలి, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకు అమ్మకూడదు. సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కు నిల్వల వివరాలు ఇవ్వాలి, తప్పితే యాభై వేల రూపాయల దాకా జరిమానా. మా తొమ్మిదో తరగతి పిల్లవాడు అమ్మ పంపితే వెళ్ళి సీసా తెచ్చాడు, కొట్టులో ఎవరూ ఏమీ అడగలేదు. ప్రమాదకర రసాయనాల డబ్బా మీద లోపల ఏముందో, తయారు చేసిందెవరో, దాని లక్షణాలేమిటో రాసి ఉండాలని 1989 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే పెద్ద క్యాన్ మీద ఆ లేబుల్ తరచు ఉంటూనే ఉంది. కూల్‌డ్రింక్ సీసాలోకి వంచిన చోటే అది మాయమవుతోంది.

అందుకని ఆర్డీవో గారికి నా విన్నపం. కూల్‌డ్రింక్ సీసాల్లో, మంచినీళ్ళ సీసాల్లో యాసిడ్ అమ్మకాన్ని వెంటనే ఆపించండి. పసిపిల్లలు తాగేస్తారన్న ఒక్క కారణం చాలు దానికి. అమ్మే ప్రతి సీసా మీద ఆమ్లం పేరు, శాతం, ‘కంటికి, చర్మానికి హాని’ అన్న మాట తెలుగులో ఉండాలి. చదువు రానివాళ్ళ కోసం, చేతి మీద చుక్క పడి తినేస్తున్నట్టుండే ఆ అంతర్జాతీయ గుర్తు కూడా ఉండాలి. కొట్లలోంచి నమూనాలు తీసి పరీక్ష చేయించండి, ఫ్లోరైడ్ ఉందేమో ప్రత్యేకంగా చూడమనండి. ఫ్యాక్టరీల తనిఖీ అధికారులు పాలిషింగ్ యూనిట్లకు వెళ్ళినప్పుడు యాసిడ్ వాడే చోటికి పది అడుగుల్లో నీళ్ళ పంపు ఉందా, పక్కలు మూసిన కళ్ళద్దాలు ఇచ్చారా, రబ్బరు గ్లవుజులు ఇచ్చారా చూడాలి. గుడ్డ గ్లవుజులు ఇచ్చి సరిపెడుతున్నారు. అవి ఆమ్లాన్ని పీల్చుకుని చర్మానికి అంటిపెట్టి ఉంచుతాయి, వట్టి చేతుల కన్నా అన్యాయం. మన జిల్లా పెద్దాసుపత్రిలోనూ, గ్రానైట్ ఊళ్ళ ఆరోగ్య కేంద్రాల్లోనూ కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఎప్పుడూ అందుబాటులో ఉండేలా చూడాలి.

కొట్ల యజమానులు ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగనక్కర్లేదు. క్యాన్ మీద ఉన్న పేరు, శాతం చిన్న కాగితం మీద రాసి, సీసాకు అంటించి, పైన టేపు వేసి ఇవ్వండి. ఏం రాయాలో తెలియకపోతే ఆ లేబుల్ ఫొటో తీసి దగ్గర్లోని హైస్కూల్ సైన్స్ టీచరుకు చూపించండి. చీమకుర్తిలో ఎవరు తెచ్చినా తెలుగులో రాసిచ్చే పని నేను చేస్తాను.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయిని,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా